ఇంట్లో రెండు ఓట్లు

“ఆ అబద్ధాలకోరును ప్రెసిడెంట్‌ని చేస్తావా? మన ఇంట్లో ఓట్లు చీలడానికి వీల్లేదు, రెండూ నేను చెప్పినతనికే,” అన్నాడు ఫణికుమార్.

“మగవాళ్ళ అబద్ధాలు నీకు పట్టవు. ఆమె ఆడది కాబట్టే నీకు మంట,” అంది అతని భార్య నీహారిక.

ఫణికుమార్ ఆమె జుట్టు పట్టుకుని తలను ఫ్రిజ్‌కేసి కొట్టాడు. “నాకు ఆడవాళ్ళంటే చులకనా? చెప్పు,” అంటూ మళ్ళీ కొట్టాడు.

అమెరికాలోని ఆ నేపర్‌విల్ ఊళ్ళో ఆ రోజు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ పోలింగ్. నీహారిక నెత్తురు తుడుచుకుని, ఉన్ని టోపీ నుదుటి మీదికి లాక్కుని, అతను నడిపిన కార్‌లోనే వెళ్ళి, ఓటేసి కార్ దగ్గరికి వచ్చింది.

“ఎవరికి వేశావ్?” స్టీరింగ్ ముందు నుంచే అడిగాడు ఫణికుమార్.

“ఆమెకే.”

అతను కార్ డోర్ తెరిచి దిగబోయాడు. నీహారిక బయటినుంచి డోర్‌ని కాలితో తన్నింది. అతని వేళ్ళు మధ్యలో నలిగాయి.

“పొద్దున ఊరికే వాదించాను ఫణీ. ఆమెను నేనూ నమ్మను. నువ్వు కొట్టేదాకా, నా ఓటు నువ్వు చెప్పినతనికే.”