మాట మళ్లీ కట్టేదాకా

మళ్లీ తలుపు చప్పుడైంది.

"ఇంకా అవలేదా బాబూ?"

పక్కింటి పెద్దాయన. ఒకప్పుడు లారీ నడిపాడు. గొంతు కూడా హారన్ లాగే ఉంటుంది.

"అయితే చెబుతాను లెండి," అన్నాడు భర్త.

మంచం మీద భార్య కళ్లు మాత్రమే కదపగలదు. తెర మీద అక్షరాలను చూస్తే, కెమెరా ఆ చూపును పట్టుకుంటుంది, కంప్యూటర్ వాటిని మాటగా పలుకుతుంది. పగలు చూసుకునే ఆయాకు చెవుడు.

ఆ కంప్యూటర్‌లోని లినక్స్‌ను, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాములన్నిటినీ, అతనే సోర్సు కోడు నుంచి కట్టాడు. ఆమె మాట ఇంకా త్వరగా పలకాలని ఇప్పుడు కోడును ప్రోగ్రాముగా మలిచే కొత్త కంపైలర్ పెట్టాడు. దానితో ప్రతి ప్రోగ్రామునూ తిరిగి కట్టాలి. సగం పాతవి, సగం కొత్తవి. రెంటికీ పొసగక మాట ఆగిపోయింది. అన్నీ పూర్తయితేగాని రాదు.

తెర మీద వరసలు పోతూనే ఉన్నాయి. కంప్యూటర్ ఫ్యాను మోగుతూనే ఉంది.

మర్నాడు అతను ఆఫీసు నుంచి రాగానే పెద్దాయన వచ్చాడు.

"ఇల్లయినా ఈపాటికి లేచేది బాబూ!"

"కొత్త కోడలు వంటింట్లో డబ్బాలన్నీ సర్దుతోంది అనుకోండి. మనం తొందరపెడితే వింటుందా?"

ఆయన నవ్వలేదు. లోపలికి తొంగి చూశాడు.

"అమ్మాయి..."

"పడుకుంది."

పడుకోలేదు. గోడ వైపు చూస్తోంది.

"ఫ్యాను మోత ఆయన నిద్ర చెడగొడుతున్నట్టుంది," అన్నాడు భర్త, ఆయన వెళ్లాక. "ఆయన గోల నీకూ విసుగ్గా ఉందా?"

అవునంటే ఆమె రెప్ప వేస్తుంది. వేయలేదు. అతను అప్పటికే తెర వైపు తిరిగాడు.

ఆ మరుసటి సాయంత్రం మళ్లీ తలుపు.

"బాబూ, ఒక్క మాట..."

"ఏమండీ, మా ఇంట్లో మోత మా ఖర్మ. గోడకు చెవి ఆనించడం మానేసి మీ పని మీరు చూసుకోండి."

పెద్దాయన గుమ్మం నుంచి వెనక్కి తగ్గాడు.

"అలాగే బాబూ."

తెల్లారేసరికి పక్క వాటాకు తాళం.

"ఖాళీ చేసేశాడు," అంది ఇంటి ఓనరమ్మ. "ఇక్కడ పొద్దుపోవడం లేదట. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

పీడ విరగడైంది అనుకున్నాడు.

లోపల తెర మీద వరసలు ఆగాయి. ఒక్క తప్పూ లేదు. అతను కెమెరా సరిచేసి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఊఁ, మాట్లాడు."

ఆమె కళ్లు అక్షరాల మీద కదిలాయి. కొత్త గొంతు ఎక్కడా తడబడలేదు.

"బాబాయిని పిలవండి."

"ఏ బాబాయి?"

"గోడవతల బాబాయి. మీరు ఆఫీసుకు వెళ్లాక, పగలంతా నాతో మాట్లాడేది ఆయనొక్కరే."