హీలియం సంగతి

"మొదట హీలియం అంకెలు పెట్టినావు కదప్పా. ఇప్పుడు కుదిరినాయా?"

ఆదోని కాలేజీ హాల్లో వెనక వరస నుంచి ఒక ముసలాయన అడిగాడు.

వేదిక మీద వీరేష్ మాట ఆగింది.

అప్పటిదాకా అతను తన పరిశోధన గురించి చెబుతున్నాడు. అంతరిక్షంలోని వాయువులో అణువులు గుద్దుకుంటాయి. ఆ దెబ్బకు అందిన శక్తిని కాంతిగా వదిలేస్తాయి. వాయువు చల్లబడుతుంది. చల్లబడితేనే నక్షత్రం పుడుతుంది. గుద్దేది ఏ వాయువో తప్పు రాస్తే లెక్కంతా తప్పుతుంది.

మొదటి వ్యాసంలో వీరేష్ ఆ తప్పే చేశాడు. గుద్దేది హైడ్రోజన్ అయినా, దాని అంకెలు దొరక్క హీలియం అంకెలు వాడాడు.

ఆ వ్యాసం అచ్చు కాలేదు, అందులో హీలియం ఉందని దాన్ని తిప్పి పంపినవాడికే తెలుసు. పత్రిక తరఫున దాన్ని చదివిన ఆ మనిషి పేరు చెప్పలేదు.

ఆ ఏడాది వీరేష్‌కు రావాల్సిన ఉద్యోగం పోయింది. ఇల్లు గడవక ఎమ్మిగనూరులో తండ్రి రామన్న మగ్గం అమ్మేశాడు.

ఆ మనిషి దొరికితే ఏమనాలో వీరేష్ ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు.

"తిప్పి పంపింది మీరేనా?"

"నేనేనప్పా."

"మా ఇండ్లల్లో పోగు తెగితే అతుకుతారు. మగ్గం ఇరగ్గొట్టరు. మీకు అతికేది రాదు, తెంపేదొక్కటే వచ్చు."

హాలు నవ్వింది.

"అతకాలనే..." అన్నాడు ముసలాయన.

"ఆయన దగ్గర మైకు తీసుకోండప్పా. ఉరుకుంద గుడికి బస్సెక్కించండి. హీలియం సంగతి ఈరన్నస్వామికి చెప్పుకుంటాడు."

మళ్లీ నవ్వారు. ముసలాయన సంచి తీసుకుని బయటికి పోయాడు.

వీరేష్ నీళ్లు తాగాడు. తండ్రికి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు.

"చివరగా ఒక మాట," అన్నాడు. "వ్యాసం తిరిగొచ్చినాక నాకు పేరు లేని మెయిల్ ఒకటి వచ్చింది. అందులో హైడ్రోజన్ అంకెలన్నీ ఉన్నాయి. వాటితోనే రెండో వ్యాసం అచ్చయింది, ఉద్యోగం వచ్చింది. ఆ పుణ్యాత్ముడు కనపడితే కాళ్లు మొక్కుతా."

చప్పట్లు మోగాయి.

ఫిజిక్స్ మేడం కమలాబాయి ఆ చివరి మాట వింటూ, సన్మానానికి రెండు శాలువాలతో అప్పుడే లోపలికి వచ్చింది.

"రెండోది ఎవరికి మేడం?"

"మా శ్రీపాదరావు సారుకు. నిన్ను చూడాలని మంత్రాలయం నుంచి వచ్చినాడు. వెనక వరసలోనే ఉండె, యాడ పోయినాడు?"

వీరేష్ వెనక వరస వైపు చూశాడు. కమలాబాయి చెబుతూనే ఉంది.

"'పిల్లోడి ఆలోచన మంచిది, అంకెలే లేవు' అని తానే లెక్క కట్టి, నా కంప్యూటర్ నుంచి నీకు పేరు లేకుండా ఆ మెయిల్ పెట్టింది ఆయనే కదప్పా."