సగం ఫీజు

చొక్కా బొత్తాం దారానికి వేలాడుతోంది. బస్సు డ్రైవరు దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

"అలా తిప్పితే ఊడొస్తుంది," అన్నాడు పక్క కుర్చీలోని పెద్దాయన.

డ్రైవరు వినిపించుకోలేదు. కళ్లు ఎదుటి గోడకంటించిన కాగితం మీదే ఉన్నాయి. కౌన్సెలింగు గంటకు ఎంతో అందులో రాసి ఉంది. అది అతని రెండు రోజుల జీతం.

మూడు నెలల కిందట, జోరువానలో, రోడ్డు దాటుతున్న ఓ కుర్రాడు అతని బస్సు కింద పడి చనిపోయాడు. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. తేలి ఏం లాభం? సీట్లో కూర్చుంటే చాలు, చేతులు బిగుసుకుపోతున్నాయి. డిపో మేనేజరు కిందటి వారమే రెండు నెలలు గడువిచ్చాడు. ఈలోగా స్టీరింగు పట్టకపోతే ఉద్యోగం పోయినట్టే.

"మొదటిసారా?" పెద్దాయన వదల్లేదు.

"ఊఁ."

"ఇవాళ ఆవిడేమీ చెప్పదు నాయనా. అడుగుతుందంతే. నువ్వు మాత్రం బాగానే ఉన్నానని అనకు. నేను అదే మాటంటూ గంటంతా దండగ చేసుకున్నా."

డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

"రెండోసారికి బరువు ఇంకా పెరిగినట్టుంటుంది. మానేద్దామనిపిస్తుంది. మానకు. నాకు నాలుగోసారికి గానీ నిద్ర పట్టలేదు."

మాట్లాడకపోతే ఊరుకుంటాడనుకుంటే మనిషి జిడ్డులా పట్టుకున్నాడు.

ఇంతలో కౌంటరు దగ్గరున్న అమ్మాయి పిలిచింది. డ్రైవరు లేచి వెళ్లాడు.

"ఎన్నిసార్లు రావాలమ్మా?"

"తక్కువలో తక్కువ ఎనిమిదిసార్లు."

"ఫీజేమైనా తగ్గుతుందా?"

"సగం ఫీజు సీటు ఒకటుంది. అది వేరేవాళ్లకిచ్చేశాం. ఖాళీ అయితే చెప్తాను."

డ్రైవరు తిరిగొచ్చి కూలబడ్డాడు. అయిదుసార్లకి మించి అతని వల్ల కాదు. ఆ తర్వాత దేవుడే దిక్కు.

పెద్దాయన అప్పటికే సంచీలోంచి సూది తీశాడు.

"ఇటు తిరుగు. నేను టైలర్ని. నీలం దారమే ఉంది, ఏమనుకోకు."

వద్దనేలోపే కుట్టడం మొదలెట్టాడు. బొత్తాం జేబు పక్కనే. జేబు మీద బ్యాడ్జి. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని దాని మీది నంబరు చదివాడు. అక్కడితో ఆయన కబుర్లు ఆగిపోయాయి.

ఇంకో కుట్టు వేసి మెల్లగా అడిగాడు.

"నీకు... నిద్ర పడుతోందా?"

ఆ మాటకి డ్రైవరుకి ఒళ్లు మండింది.

"ఎలా పడుతుందండీ? ఎవడో కుర్రవెధవ చూసుకోకుండా నా బస్సు కింద పడ్డాడు. వాడికేం, హాయిగా పోయాడు. డబ్బులు కట్టి మరీ ఏడవాల్సినవాణ్ణి నేను."

సూది పెద్దాయన వేలిలో దిగింది. రక్తం బొట్టుగా ఉబికింది. ఆయన చెయ్యి తీయలేదు.

డ్రైవరుకి ఎందుకో భయమేసింది. పెద్దమనిషి ముందు నోరు జారానేమో అనుకున్నాడు గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

"నిజమే," అన్నాడు పెద్దాయన. "నువ్వు కట్టాల్సింది కాదది."

బొత్తాం కింద దారాన్ని లెక్కపెట్టి ఏడు చుట్లు చుట్టాడు. ముడేసి, పళ్లతో కొరికాడు.

"చొక్కా చిరిగినా ఇది ఊడదు. వెళ్లు, పిలుస్తున్నారు."

లోపల కౌన్సెలర్ అడిగింది. "ఎలా ఉన్నారు?"

"బాగానే..." అనబోయి ఆగాడు. ఆ జిడ్డు మనిషి మాట గుర్తొచ్చింది.

"బాగాలేనండీ," అన్నాడు. ఆ తర్వాత గంటసేపు మాటల కంటే ఏడుపే ఎక్కువైంది.

బయటికొచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"మీ అదృష్టం బాగుంది," అంది కౌంటరు అమ్మాయి. "సగం ఫీజు సీటు ఇప్పుడే ఖాళీ అయింది. ప్రతి మంగళవారం నాలుగింటికి రండి."

"ఎవరు మానేశారు?"

"ఆ టైలరు గారే. నయమైపోయిందట. ఇక రానని చెప్పి వెళ్లిపోయారు."

అంత వాగేవాడికి జబ్బేమిట్లే అనుకున్నాడు డ్రైవరు. చొక్కా సర్దుకుని ఇంటికెళ్లాడు.

రెండోసారి బరువు పెరిగింది. మానేద్దామనిపించింది. మానలేదు. నాలుగోసారికి నిద్ర పట్టింది. ఆరో వారం డిపో ఆవరణలో ఖాళీ బస్సు నడిపాడు. ఎనిమిదో వారం, గడువు రెండు రోజులుందనగా, రూటెక్కాడు.

"ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగింది కౌన్సెలర్ ఆఖరి రోజున.

"ఒక్కటి మిగిలిందండీ. ఆ కుర్రాడి నాన్న ముందు నిలబడాలి."

కేసు కాగితాల్లో తన బ్యాడ్జి నంబరు పక్కనే కుర్రాడి ఇంటి అడ్రసుంది. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వెళ్లాడు. రెండో అంతస్తు. బెల్లు నొక్కబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి నొక్కాడు.

నడివయసు దాటిన ఒకావిడ తలుపు తీసింది.

"ఆ రోజు బస్సు నడిపింది నేనేనమ్మా," గుక్క తిప్పుకోకుండా అనేశాడు. "మీ ఆయన్ని ఒక్కసారి చూసి, క్షమించమని అడిగి వెళ్లిపోతాను."

ఆవిడ తలుపు వెయ్యలేదు. తిట్టనూ లేదు.

"ఆయన పోయి పది రోజులైంది," అంది. "వాడు పోయినప్పట్నుంచీ నిద్ర లేదు. మధ్యలో కొన్నాళ్లు కాస్త కుదుటపడ్డారు. మళ్లీ ఏమైందో, రాత్రంతా అలా కూర్చునే ఉండేవారు. గుండె తట్టుకోలేకపోయింది."

డ్రైవరు తల వంచుకున్నాడు. క్షమాపణ ఆయనకి అందనంత ఆలస్యంగా వచ్చాడు.

ఆవిడ చూపు అతని చొక్కా మీద ఆగింది. తెల్ల దారపు బొత్తాల మధ్య ఒక్కటే నీలం. చెయ్యి చాచి ఆ బొత్తాన్ని మెల్లగా పైకెత్తింది. కింద చుట్టిన దారాన్ని గోటితో ఒక్కో చుట్టూ తడిమి లెక్కపెట్టింది.

"ఏడు," అంది. "ఇది మా ఆయన చేతి కుట్టే. నీకెప్పుడు కుట్టారు బాబూ?"