మూడో తరగతి అమూల్యులు

“టీసీ ఇచ్చేయండి సార్. రేపు పొద్దున్నే గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతాండాము. ఇది గూడా మాతోనే వస్తాంది.”

మారెమ్మ మాటకు ప్రిన్సిపాల్ ఏసన్న గారు తాగుతున్న టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేశారు. ఆదోనిలోని ఆ మిషన్ బడిలో టీసీ అడిగినవాళ్ళు అంతకుముందు లేరని కాదు. కానీ ఆయన ఎమ్మిగనూరులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ‘పిల్లలను విలువగా చూచుట’ అన్న సర్టిఫికెట్టు తెచ్చుకుని, దానికి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనకాల తగిలించుకుని రెండు నెలలన్నా కాలేదు. సరిగ్గా దాని ఎదురుగా నిలబడి టీసీ అడగడమంటే ఎంత ధైర్యం!

“పోయేది మీరు. పిల్లెందుకమ్మా? హాస్టల్లో ఉంటుంది కదా?”

“నేనూ అదే సెప్పినా సార్. ఈడనే ఉండి నాలుగు అక్షరాలు నేర్సుకోవే, నా మాదిరి ఎండన పడి సావొద్దే అని కాళ్ళు పట్టుకున్నంత పని జేసినా. వింటేనా! మిరపకాయలన్నా కోస్తా గానీ బడికి పోనంటాంది. పొద్దున బ్యాగు సూస్తే సాలు, కక్కుకుంటాంది.” మారెమ్మ కళ్ళొత్తుకుంది. “మా ఇంట్లో సదువుకుండేది ఇదొక్కటే సార్. దీనికేమైందో మీరన్నా అడగండి.”

అమ్మ కొంగు వెనకాల నక్కి ఉంది రూత్. మూడో తరగతి.

ఏసన్న గారు కుర్చీ దిగి రూత్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పిల్లలతో పిల్లల ఎత్తుకు దిగి మాట్లాడాలని శిక్షణలో చెప్పారు. ప్యాంటుకు దుమ్ము అంటకుండా కింద న్యూస్ పేపరు పరుచుకోవడం మాత్రం ఆయన సొంత తెలివి.

“చెప్పు తల్లీ. టీచర్ తిట్టిందా?”

“లేదు సార్.”

“గాడిద అనిందా? మొద్దు అనిందా?”

“ముందు అంటాండె సార్. ఇప్పుడు ఎవురినీ తిట్టదు.”

“చూసినావా మారెమ్మా!” ఏసన్న గారు పేపరు మీదనుంచి ఎగిరి లేచినంత పని చేశారు. “ఈ బడిలో తిట్లు బంద్! నా ఆర్డరు!”

ఆ ఊపులోనే రూత్ క్లాస్ టీచరు జ్యోత్స్నను పిలిపించారు. ఆమె వస్తూ వస్తూ చిన్న నోటుబుక్కు కూడా తెచ్చుకుంది.

“మీరు చెప్పినట్టే సార్. నోటిదాకా తిట్టు వచ్చినా మింగేసి, మీరు రాసిచ్చిన వాక్యమే చెప్తాండాను. నిన్న పదకొండు మందికి చెప్పినా.”

“పదకొండేనా?” ప్రిన్సిపాల్ గారి మొహం మాడింది. “నలభై రెండు మంది ఉంటే పదకొండేమమ్మా? ఎమ్మిగనూరు బడిలో దినామూ ఒక్కరినీ విడవకుండా చెప్తున్నారంట. మొన్న ఫోన్లో వాళ్ళ గొప్పలు వినలేక చచ్చినా.”

“అందరికీ అంటే ఓపిక చాలదు సార్. రూత్‌కు మాత్రం దినామూ చెప్తా. సోమవారం రెండుసార్లు చెప్పినా.”

మారెమ్మకు సిగ్గేసింది. తన బిడ్డ కోసం ఇంత పెద్ద టీచరమ్మ దినామూ నోరు నొప్పి చేసుకుంటుంటే, ఈ ముండకు వాంతులా!

“ఇంత బాగా సూస్తాంటే నీకేం పొయ్యేకాలమే?” అని రూత్ వీపు మీద ఒక్కటి చరిచింది.

“అయ్యయ్యో, కొట్టొద్దు!” ఏసన్న గారు చెవులు మూసుకున్నారు. “పిల్లల విలువ మీకు తెలీదమ్మా. రా, తరగతిలో చూపిస్తా.”

మూడో తరగతి వరండాలో ఆయన ఆగి, వేలు పెదవి మీద పెట్టుకున్నారు. లోపల చప్పుడు లేదు. టీచరు లేని తరగతిలో నలభై ఒక్కమంది పిల్లలున్నారంటే నమ్మడం కష్టమే.

“వింటాండావా? విలువగా చూస్తే పిల్లలు ఇట్లుంటారు.”

మారెమ్మ మనసు పూర్తిగా మెత్తబడిపోయింది. “టీసీ వద్దులే సార్. ఇడిసిపెట్టి పోతా. ఉగాదికి వచ్చి సూసుకుంటా.”

“మా! వద్దు మా! నేనూ వస్తా మా!” రూత్ రెండు చేతులతో కొంగు పట్టేసుకుంది. “బస్తా మోస్తా మా! అన్నం అడగను మా!”

మారెమ్మ ఏడుస్తూనే ఒక్కొక్క వేలూ విడదీసింది. కన్నతల్లికి అది చిన్న పనా! ఏసన్న గారు అదేమీ పట్టించుకోలేదు. ఒక టీసీ తప్పింది, ఎమ్మిగనూరుకు ఫోన్ చేసి చెప్పడానికి ఒక సాక్ష్యం దొరికింది. ఆ ఆనందంలో తరగతిలోకి నడిచారు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. మారెమ్మ కళ్ళారా చూసి, చెవులారా విని, నిశ్చింతగా గుంటూరు బండి ఎక్కాలని ఆయన కోరిక.

“సార్, ఇప్పుడెందుకు సార్, పాఠం ఉంది...” అని జ్యోత్స్న టీచరు అడ్డం పడబోయింది.

“ఉండమ్మా. ఇవాళ నీ బదులు నేనే చెప్తా. పదకొండు కాదు, అందరికీ!”

గొంతు సవరించుకుని, చేతులు రెండూ చాచి, ఆదివారం ప్రసంగానికి దాచుకునే తీయటి గొంతుతో ఆయన ఆ వాక్యం చెప్పారు.

“బిడ్డలారా! మీరు దేవుని దృష్టిలో అమూల్యమైనవాళ్ళు!”

నలభై ఒక్క అరచేతులు ఒక్కసారిగా ముందుకు చాచుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. మారెమ్మ పక్కన రూత్ కూడా ఏడుపు ఆపి, ఎర్రటి వాతలు తేలిన అరచేతిని చాచింది.

ముందు బెంచీలో విష్ణు ఒక్క కన్ను మాత్రం కాస్త తెరిచి అడిగాడు:

“సార్, నేను హోంవర్కు చేసినాను సార్... నాకు గూడానా?”