సబ్బు అతుకు

చోడవరం బస్టాండు పక్కన, దాసు షెడ్డులో పరదేశి అంబాసిడర్ గజగజ వణుకుతోంది.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోతోంది.

ఆగితే మళ్ళీ హ్యాండిల్ వేసి తిప్పాలి. ఒక్కోసారి అరగంట.

ఎదురుగా ఆసుపత్రి వరండాలో పరదేశి చెల్లెలు సన్యాసమ్మ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. మధ్యాహ్నంలోగా విశాఖపట్నం చేర్చకపోతే తల్లీబిడ్డా దక్కరని డాక్టరమ్మ చెప్పేసింది. ఊళ్ళో ఉన్న టాక్సీలే రెండు. రెండోది పెళ్ళికి పోయింది.

"దారిలో ఆగిపోతే ఏటి సేస్తాను దాసూ?" అన్నాడు పరదేశి.

దాసు మళ్ళీ ఇంజను మీదకి వంగాడు. చప్పుడు విని ఇంజను జబ్బు చెబుతాడని అనకాపల్లి దాకా అతనికి పేరుంది. ప్లగ్గులు తుడిచాడు. కార్బొరేటర్ మూడుసార్లు విప్పి బిగించాడు. వణుకు తగ్గలేదు.

అప్పుడొచ్చాడా మనిషి. చంకలో గుడ్డసంచి, నాలుగు రోజుల గడ్డం. తిన్నగా వచ్చి బానెట్లోకి తొంగిచూశాడు.

"ఎవరయ్యా నువ్వు? అవతలికెల్లు" అన్నాడు దాసు.

పలకలేదు.

"నిన్నే. ఇదేటి, తోలుబొమ్మలాటనుకున్నావా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొగరుమోతు అనుకున్నాడు దాసు. తనకున్న పొగరు ఇంకొకడికి ఉంటే దాసు ఓర్చుకోలేడు. నోటికొచ్చినవన్నీ తిట్టాడు.

ఆ మనిషి పొడుగాటి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మొన ఇంజనుకు ఆనించాడు. చెక్కపిడిని పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇంజను రుచి సూస్తన్నాడు" అన్నాడు దాసు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మొన ఒక్కొక్కచోటికే జరుగుతూ పోయింది. కార్బొరేటర్ కింద అతుకు దగ్గర ఆగింది.

"ఇక్కడ గాలి లాగతంది" అన్నాడా మనిషి, సంతలో అరిచినట్టు. "సబ్బు రాసేరు కదూ."

దాసు మొహం పాలిపోయింది. రాశాడు. అతుకు మధ్య అట్ట చిరిగిపోతే, పెట్రోలు ట్యాంకు కారినప్పుడు రాసినట్టే, అక్కడా బట్టలసబ్బు రాశాడు. ఆ సంగతి పరదేశికి కూడా చెప్పలేదు.

"ట్యాంకు సల్లగుంటాది, సబ్బు నిలుస్తాది. ఇది ఏడెక్కితే సబ్బెండి పగిలిపోతాది."

ఇంజను ఆపించి, కార్బొరేటర్ విప్పి సబ్బు గీకేశాడు. ప్లగ్గుల డబ్బా అట్ట చింపి అతుకు మీద పరిచాడు. చిన్న సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టాడు. అట్ట తెగి, అచ్చు అదే ఆకారం చేతికొచ్చింది. దాన్ని పెట్టి బిగించాడు.

పరదేశి స్టార్ట్ చేసి కాలు తీశాడు.

మడ్‌గార్డు మీద ఎవరో పెట్టిన గ్లాసులో టీ తొణకలేదు.

దాసు ఆ గ్లాసు వంకే చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లతో బతుకుతున్నాడు. ఇలాంటి పనితనం ఎన్నడూ చూడలేదు.

సన్యాసమ్మను ఎక్కించుకుని కారు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగేసరికి ఆ మనిషి లేడు.

మర్నాడు పరదేశి నవ్వుతూ వచ్చాడు.

"ఆడగుంట దాసూ. తల్లీపిల్లా బాగున్నారు. దారిలో ఒక్కసారైనా ఆగనేదు."

దాసు సంతోషించాడు. ఆ వెంటనే సిగ్గుతో చితికిపోయాడు. బస్టాండులో టీకొట్టు మంగాయమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"నిన్న గుడ్డసంచీతో వచ్చినాయన ఏ ఊరు అప్పా? నా షెడ్డులో ఉంచుకుని పని నేర్చుకోవాల."

"మా దేవరాపల్లి గణపతిరావు. నీ కాడ పనడుగుదామనే వచ్చేడు. నీ వాలకం సూసి పని దొరకదనుకున్నాడేమో, రాత్రి బండికి కలకత్తా ఎల్లిపోయేడు."

దాసు బల్లమీద కూలబడ్డాడు.

"అన్నేసి మాటలన్నాను. ఒక్కదానికైనా కోపం తెచ్చుకోనేదప్పా. ఎంత పెద్ద మనసో."

మంగాయమ్మ గ్లాసు కడగడం ఆపి అతనివంక చూసింది.

"ఇనపడితే కదా బాబూ కోపమొచ్చీది. ఓడలో పనిసేస్తంటే బాయిలరు పేలి, పదేళ్ళ కిందటే ఆయనకి రెండు సెవులూ పోయేయి. అప్పట్నించి ఇంజను సప్పుడు పళ్ళతోనే ఇంటాడు."