బకెట్‌లో ఉప్పునీళ్ళు

భర్త పోయాక ఆమెకు మిగిలింది ఎరువు కోసం ఆయన పెంచిన వానపాముల తొట్టి. అది ఖాళీ అయిన రోజు, బకెట్ నిండా ఉప్పునీళ్ళు కలిపి మేడ మీద ఆడపడుచు వాటాకి ఎక్కింది.

"తొట్టి ఊడ్చుకుపోయింది నువ్వేగా? నీ గులాబీలు వేళ్ళతో సహా మాడిపోవాలి!"

"పోసెయ్యి వదినా. ముందు ఆ పెద్ద కుండీ తవ్వి చూడు."

ఆమె కసిగా మట్టిలోకి చెయ్యి దించింది. చింపిన కాగితాల మధ్య, కూరగాయల తొక్కల కింద, ఎర్రటి వానపాములు బిలబిలమన్నాయి.

"నీ తొట్టి అడుగున రంధ్రాలు పూడుకుపోయాయి. నువ్వేమో రోజూ చెంబులతో కుమ్మరిస్తున్నావు. ఇంకో రెండ్రోజులైతే మునిగి చచ్చేవి."

"తడి ఆరనివ్వకని మీ అన్నయ్యే చెప్పారు. ఆయన చెప్పిన చివరి మాట."

"పిండిన గుడ్డలో ఉన్నంత తడి చాలని నాకు చెప్పాడు."

"మరి నాతో అనవేం?"

"అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ నా మొహానే తలుపేస్తున్నావాయె. ఎవరితో అనను, తలుపుతోనా?"

ఆమె వేలికి చుట్టుకున్న వానపామును మట్టిలోకి దించి, పైన తడి కాగితం కప్పింది.

రెండో చేతిలోని బకెట్ మాత్రం ఇంకా కింద పెట్టలేదు.