నాలుగు లక్షల మంది

“ఆ ఫోనైనా బయటికి పోవాలి, నేనైనా పోవాలి” అంది సెఫీనా.

చాప మీద వెల్లకిలా పడుకున్న ఆమె తమ్ముడు తానియేలు కళ్ళు తెరవలేదు. నడుము నుంచి మోకాళ్ళ దాకా ఎనిమిది రోజులుగా పళ్ళున్న పనిముట్టుతో కొట్టి కొట్టి దించిన పచ్చబొట్టు వాచి నిగనిగలాడుతోంది. ఇక బొడ్డు చుట్టూ గీతలే మిగిలాయి. అన్నిటికంటే నొప్పి అక్కడే. సమోవాలో పచ్చబొట్టు అసలు వేయించుకోని మగవాడిని ఎవరూ ఏమీ అనరు. సగంలో లేచిపోయినవాడిని మాత్రం చచ్చేదాకా అంటారు. వాడి పిల్లల్ని కూడా అంటారు.

కర్రకు బిగించిన ఫోను పట్టుకుని ఫెరెటీ అతని కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, సిడ్నీలో పుట్టి పెరిగిన సమోవావాడు. తానియేలు విదేశంలో రగ్బీ ఆడతాడు. అతని ఆటనే కాదు, తిండినీ నిద్రనూ కుక్కనూ కూడా రోజూ జనానికి చూపించి, అతని పేరున్న బనియన్లు అమ్మించేది ఫెరెటీ.

ఈ ఎనిమిది రోజులూ అతను నోరు మూసుకున్నది లేదు. దెబ్బదెబ్బకీ మధ్య ఫోనులో చూస్తూ ఆక్లండ్ నుంచి ఎవరు ఏం రాశారో, హొనొలులు నుంచి ఎవరు సింహమన్నారో పైకి చదివి వినిపిస్తూనే ఉన్నాడు. తలాపున కూర్చుని చెమట తుడుస్తూ సెఫీనా పాడే పాటలు ఆ గోలలో కొట్టుకుపోయాయి. ఆమెకు కనబడేది ఆ ఫోను వీపు ఒక్కటే. ఆదివారం విమానంలో తమ్ముడు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో, వస్తాడో రాడో ఎవరికి తెలుసు. దగ్గరున్న ఈ కాసిని రోజులూ కూడా ఊరూపేరూ తెలియని వాళ్ళతో పంచుకోవాలా?

“అమ్మను మట్టిలో పెట్టిన రోజు కూడా ఈ కర్ర ఎత్తుకునే వచ్చావు” అంది.

“ఆ రోజు లక్ష మంది ఏడ్చారక్కా.”

“నువ్వు ఏడ్చావా?”

 ఒక్క మాట చెప్పాలి, బయటికి రమ్మని ఫెరెటీ సైగ చేశాడు. ఏం వాగినా ఇక్కడే వాగమంది సెఫీనా.

అతనికీ ఒళ్ళు మండింది. “నువ్వు పాడితే వినేది పది ఇళ్ళు, అవీ చెవులు మూసుకుని. వీడిని చూస్తున్నది నాలుగు లక్షల మంది. కడుపుమంటగా ఉంటే సముద్రంలో మునిగి రా, చల్లారుతుంది.”

పచ్చబొట్టుకు వీలుగా తానియేలు చర్మం లాగి పట్టుకున్న ఇద్దరు సహాయకులు నవ్వు ఆపుకోవడానికి తలలు వంచుకున్నారు.

సెఫీనా పచ్చబొట్టు వేసే లేసా అనే పెద్దాయన వైపు తిరిగింది. ఆయన ఇంట్లో ఆయన పని జరుగుతుంటే ఇదేం సంత అని అడిగింది. మీరైనా చెప్పరేమని నిలదీసింది. పెద్దాయన పళ్ళున్న పనిముట్టును గుడ్డతో తుడుచుకుంటూ, “నాకు చర్మం తప్ప ఏమీ కనబడదు తల్లీ” అన్నాడు.

ఫెరెటీ ఈయన్ని కూడా కొనేశాడనుకుంది సెఫీనా. ఇక మిగిలింది ఒక్కటే దారి. అక్క గట్టిగా అడిగితే సమోవాలో తమ్ముడు కాదనడు. అది పుట్టుకతో పడ్డ కట్టు. అందుకే ఆ మాటను ఎవరూ ఊరికే వాడరు. నలభై ఆరేళ్ళలో ఆమె ఒక్కసారీ వాడలేదు.

“తానియేలూ, అక్కగా అడుగుతున్నాను. తీయించు.”

తానియేలు కళ్ళు తెరిచి ఆమె ముఖంలోకి చూశాడు.

“తీసెయ్, ఫెరెటీ.”

ఫెరెటీ ముఖం పాలిపోయింది. కర్ర దించి, ఫోను ఊడదీసి చాప మీద బోర్లా పెట్టాడు. సెఫీనా గెలిచిన ముఖంతో తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని పాట ఎత్తుకుంది.

పెద్దాయన కొట్టాడు. మూడో దెబ్బకు తానియేలు కేక పెట్టాడు. ఎనిమిది రోజుల్లో అతని నోట ఆ చప్పుడు ఎవరూ వినలేదు. అయిదో దెబ్బకు పట్టుకున్న చేతుల్ని తోసేసి లేచి కూర్చున్నాడు.

“నావల్ల కాదు.”

ఇంక అరపూట పనే కదా అంది సెఫీనా. వంశం పేరు చెప్పింది, అమ్మ పేరు చెప్పింది. గడ్డం పట్టుకుని బతిమాలింది. అతను వినడం లేదు, చొక్కా కోసం చుట్టూ వెతుకుతున్నాడు.

“ఎవరి కోసం పడాలక్కా ఇదంతా? ఇక్కడ ఎవరున్నారు?”

నేనున్నానురా అనబోయింది. అప్పటికే పెద్దాయన పనిముట్లు గుడ్డలో చుడుతున్నాడు. ఆ మూట ముడి పడితే తానియేలు జన్మంతా సగం మనిషే.

సెఫీనా పాక్కుంటూ వెళ్ళి చాప మీది ఫోను తీసింది. తిప్పి చూసింది. తలెత్తి ఫెరెటీని చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

ఆమె మోకాళ్ళ మీద నిలబడి, ఫోను వీపు తమ్ముడి వైపు ఉండేలా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

“ఐదు లక్షలు దాటారు, తమ్ముడూ” అంది. “టోంగా నుంచి ఎవడో అడుగుతున్నాడు, మీవాడు లేచిపోయాడా అని.”

తానియేలు చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది. టోంగావాళ్ళంటే సమోవాకు తరాల నాటి పోటీ. “టోంగావాడా?” అన్నాడు. పళ్ళు బిగించి మళ్ళీ వెనక్కి వాలాడు. పెద్దాయన మూట విప్పాడు. దెబ్బలు మొదలయ్యాయి. రాజధాని ఆపియా నుంచి ఒకావిడ నీ కోసం ప్రార్థన చేస్తోందట అంది సెఫీనా. ఆ తర్వాత ఏమనాలో తోచక ఆగింది.

ఆమె చేతుల్లోని నల్లటి తెర మీదికి వంగి, ఫెరెటీ గుసగుసగా అన్నాడు: “పెద్దాయన వద్దంటే జనానికి చూపించడం మొదటి రోజే ఆపేశానక్కా. ఆగకు, చదువు.”